ఖాళీ మంచం ఊపిరి

ఏడో వార్డును మూసేయాలని తేల్చింది మనిషి కాదు.

సోమవారం ఉదయం పదీ ఇరవైకి, ఆరోగ్య ప్రమాణాల కేంద్రంలో గోడంత తెర మీద రాష్ట్రంలోని నాలుగు వేల రెండు వందల వార్డులు వరసగా వచ్చి నిలబడ్డాయి. మంచివి పైన, చెడ్డవి కింద. అట్టడుగున ఉన్న పేరు చదివి కెజియా చేతిలోని టీ గ్లాసును టేబుల్ మీద పెట్టేసింది.

గోదావరి జిల్లా ఆసుపత్రి, ఏడో వార్డు. ఆడవాళ్ల జనరల్ మెడిసిన్. ఇన్‌ఛార్జి సిస్టర్ పి. సలోమి.

సలోమి ఆమెకు వదిన. తల్లి పోయినప్పుడు కెజియాకు ఎనిమిదేళ్లు. అప్పటికి మూడు నెలల కొత్త కోడలైన సలోమి, రోజూ ఆ పిల్లకి రెండు జడలు వేసి, బడి గేటు దాకా దింపి, అక్కణ్ణుంచి పరుగున డ్యూటీకి వెళ్లేది. ముప్పై మూడేళ్లు గడిచినా ఆ గబగబా నడక మారలేదు.

"ఒకసారి ఆ వార్డు తెరవండి," అన్నాడు డైరెక్టర్ చక్రపాణి, వెనక నుంచి.

కెజియా తెరిచింది. అరవై రెండేళ్ల ముసలామె రికార్డు వచ్చింది. తెర మీద రెండు గీతలు, ఒకటి నీలం, ఒకటి తెలుపు. నీలం గీత ఆ ముసలామె. తెల్ల గీత ఆమె 'జంట'.

ఆ యంత్రం పేరే జంట. కట్టింది కెజియాయే. మనిషి పేరు ఆసుపత్రి కంప్యూటర్లోకి ఎక్కిన క్షణాన, ఆ రికార్డు నుంచి అలాంటి మనిషే ఇంకొకరు యంత్రం లోపల పుడతారు. అదే వయసు, అదే జ్వరం, అదే బీపీ, నిమిషానికి అన్నే ఊపిరులు. బయటి మనిషికి వార్డు తనకు తోచిన వైద్యం చేస్తుంది. లోపలి మనిషికి ఏ లోటూ లేని వైద్యం అందుతుంది. ఇద్దరూ కలిసి నడిచినంత సేపూ వార్డు సరిగ్గా పని చేస్తున్నట్టు. విడిపోతే ఆ మధ్య దూరమే 'ఎడం'. ఎడం పెరిగిందంటే, ఆ వార్డు చేతిలో రోగి పాడవుతున్నట్టు లెక్క.

ముసలామె గీతలు క్యాజువాల్టీ నుంచి వార్డు గుమ్మం దాకా ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఏడో వార్డులో అడుగు పెట్టిన పావుగంటకే నీలం గీత కిందికి జారింది.

"ఇంకోటి," అన్నాడు చక్రపాణి.

ఇంకొకటీ అంతే. పదోదీ అంతే. అందరూ బాగానే వచ్చారు. అందరూ ఏడో వార్డులోనే దిగజారారు.

"పద్నాలుగేళ్ల కిందట మా ఆవిడ ఒక ఆసుపత్రిలో చనిపోయింది," అన్నాడు చక్రపాణి. గొంతు మామూలుగానే ఉంది. "ఆరు గంటల పాటు ఎవరూ తొంగి చూడలేదు. తప్పు ఎవరిదని అడిగితే అందరూ పక్కవాళ్లను చూపించారు. నాకు యంత్రం కావాల్సింది అందుకే కెజియా గారూ. అది ఎవరినీ వెనకేసుకు రాదు. ఇరవై ఆరో తేదీన కమిటీ ముందు ఈ వార్డు పెడదాం. వార్డు మూత, ఇన్‌ఛార్జి ఉద్యోగం నుంచి తొలగింపు. రాష్ట్రమంతా జంట తీర్పులను అమలు చేయడానికి మనం చూపించే మొదటి ఫలితం ఇదే."

ఇరవై ఆరుకి పన్నెండు రోజులుంది. కెజియా మరుసటి పొద్దున బస్సెక్కింది.

*

ఏడో వార్డులో ముప్పై మంచాలకు నలభై ఒక్కమంది ఉన్నారు. సలోమి ఆమెను చూసి నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు.

"తిని వచ్చావా?"

"తిన్నాను వదినా."

"అయితే అడ్డం లేకుండా ఆ గోడ పక్కన నిలబడు."

అప్పుడే క్యాజువాల్టీ నుంచి స్ట్రెచర్ వచ్చింది. నూకరత్నం, యాభై ఏళ్లు, చేపల వ్యాపారం, నాలుగు రోజులుగా జ్వరం. సలోమి ఆమె మణికట్టు పట్టుకుంది. నాడి చూస్తున్నట్టే ఉంది గానీ, కెజియా గమనించింది, వదిన కళ్లు చేతి మీద లేవు. దుప్పటి పైకీ కిందికీ కదులుతున్న చోట ఉన్నాయి. ఒక నిమిషం పూర్తిగా అలాగే నిలబడింది. పక్క మంచం నుంచి ఎవరో పిలుస్తున్నా తల తిప్పలేదు.

"ముప్పై," అని ట్యాబ్‌లో కొట్టింది. తర్వాత జూనియర్ డాక్టర్ని కేకేసింది. "అబ్బాయ్, ఈవిడకి ఇప్పుడే ఎక్స్‌రే. రక్తంలో ఆక్సిజన్ బాగానే ఉంది కదా అని కూచోకు. ఇంకో నాలుగ్గంటల్లో ఉండదు."

"చెయ్యి ఎందుకు పట్టుకున్నావు?" అడిగింది కెజియా.

"ఊపిరి లెక్కపెడుతున్నానని తెలిస్తే మనిషి ఊపిరి మారిపోద్ది. నాడి చూస్తున్నామనుకుంటే మామూలుగా పీలుస్తారు. మా ట్రైనింగులో మేడం నేర్పారు. అందరికీ నేర్పారు. చేసే తీరికే ఎవరికీ లేదు."

కెజియా బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. నూకరత్నం రెండు గీతలూ పదకొండూ నలభై రెండుకి విడిపోయాయి. క్యాజువాల్టీ రాసిన ఊపిరి: ఇరవై. ఏడో వార్డు రాసింది: ముప్పై. మధ్యలో పదకొండు నిమిషాలు. ఏడో వార్డులో చేరిన పదకొండు నిమిషాలకే రోగి దిగజారిందని యంత్రం రాసుకుంది.

కెజియా మెట్లు దిగి క్యాజువాల్టీకి వెళ్లింది. అక్కడ ఒక్కతే అమ్మాయి. చుట్టూ పాతిక మంది. బీపీ చూస్తోంది, సూది వేస్తోంది, పక్కనున్న వాళ్లను తిడుతోంది, మధ్యమధ్యలో ట్యాబ్ మీద వేళ్లు ఆడిస్తోంది. అరగంటలో పద్దెనిమిది మంది వచ్చారు. పద్దెనిమిది మందికీ ఊపిరి ఇరవై. ఒక్కరి గుండె వైపు కూడా ఆ అమ్మాయి చూడలేదు. చూసే సందు లేదు.

అక్కణ్ణుంచి మూడో వార్డు. రాష్ట్రంలో మూడో స్థానంలో ఉన్న వార్డు. అక్కడ నిన్న ఒక రైతు చనిపోయాడు. అతని రికార్డులో రెండు రోజుల పాటు ఇరవై, ఇరవై, ఇరవై. చనిపోవడానికి పది నిమిషాల ముందు కూడా ఇరవై. ప్రతి ఇరవై పక్కనా చిన్న ఆకుపచ్చ గుర్తు. నర్సు అంకె కొట్టలేదు, 'మునుపటిదే' అనే బటన్ నొక్కిందని దాని అర్థం. ఒక్క నొక్కుతో నలభై మంది లెక్కలూ పాతవే మళ్లీ పడిపోతాయి.

యంత్రం లోపలి రైతు కూడా నిమిషానికి ఇరవై పీల్చాడు. అతనికీ ఏ హెచ్చరికా రాలేదు. ఏ సూచనా లేకుండా వచ్చిన చావును ఏ వైద్యమూ ఆపలేదన్నది యంత్రం లెక్క, కాబట్టి అతనూ చనిపోయాడు. రెండు గీతలూ చివరిదాకా కలిసే నడిచాయి. 'ఎవరూ ఆపలేని మరణం' అని యంత్రం తీర్పిచ్చి మూడో వార్డుకి పూర్తి మార్కులు వేసింది.

కెజియా అక్కడే ఉన్న స్టూలు మీద కూచుండిపోయింది. ఆ బటన్ పెట్టింది తనే. రాసే పనితోనే పొద్దంతా పోతోందని నర్సులు మొత్తుకుంటే, రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం కూచుని పెట్టింది. అందుకు నర్సుల సంఘం పిలిచి శాలువా కప్పింది కూడా.

*

సాయంత్రం సలోమి ఇంట్లో అన్న యోహాను తలుపు తీశాడు. ఆర్టీసీలో డ్రైవరు. ఆ రోజు అతనికి సెలవు. రొయ్యలు గోంగూరలో వేసి తనే వండాడు.

విషయం విని అతను అన్నం కలపడం ఆపేశాడు.

"అంటే చూసిందే రాసినందుకు మీ వదినని ఇంటికి పంపుతారా? చూడకుండా రాసినోళ్లకి దండలేస్తారా?"

"యంత్రానికి తెలిసింది రికార్డే అన్నయ్యా. మనిషి కనపడడు. సరిచెయ్యాలంటే మూడు నెలలు పడుతుంది. పదకొండు రోజులే ఉంది." కెజియా వదిన వైపు తిరిగింది. "వదినా, ఈ పదకొండు రోజులూ నువ్వూ ఇరవై కొట్టెయ్. నువ్వు లెక్కపెట్టుకో, వైద్యం చేయించుకో. ట్యాబ్‌లో మాత్రం ఇరవై రాయి. గీతలు కలుస్తాయి. అట్టడుగు నుంచి బయటపడతావు."

సలోమి పచ్చడి జాడీ మూత బిగించింది.

"ఇవాళ నూకరత్నానికి ఇరవై అని రాసి, నేను డ్యూటీ దిగిపోయాననుకో. నా తర్వాత వచ్చిన పిల్ల ఏం చదువుద్ది?"

"ఇరవై."

"ఆ పిల్ల ఆవిడ వైపు చూస్తాదా?"

కెజియా పళ్లెంలోని అన్నాన్ని ఒక పక్కకి నెట్టింది.

"నేను ఇంట్లో కూచుని రొయ్యలు తింటా ఉంటాను. అక్కడ ఆవిడ ఊపిరాడక పోద్ది. బ్రహ్మాండంగా ఉంది నీ ఉపాయం."

"సలోమీ, ఇంకా నాలుగేళ్లే కదా సర్వీసు," అన్నాడు యోహాను మెల్లగా. "పిల్ల నీ మంచికే చెప్తోంది."

"మీరు బస్సు నడిపేటప్పుడు రోడ్డు చూడకుండా నడుపుతారా, పై ఆఫీసరు చూశానని రాసుకోమన్నాడని?"

యోహాను మళ్లీ అన్నం కలపడం మొదలుపెట్టాడు. "నాకెందుకు, మీరూ మీరూ చూసుకోండి."

"తీసేస్తే తీసేయమను," అంది సలోమి. "ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ లెక్కపెట్టే రాస్తాను. ఇంకో ముద్ద వేసుకో, బొత్తిగా చిక్కిపోయావు."

*

చక్రపాణి శ్రద్ధగానే విన్నాడు. మధ్యలో ఆపలేదు. చివర్లో రెండే ప్రశ్నలు వేశాడు.

"మీరు చెప్పేది నిజమైతే ఏడో వార్డు మిగతా వార్డులకంటే మెరుగ్గా ఉండాలి."

"ఉంది సార్. చావులు అక్కడే తక్కువ."

"ఎందుకు తక్కువ? సగం మందిని ఐసీయూకి పంపేస్తారు కాబట్టి. వార్డు పాడు చేస్తుంది, ఐసీయూ బాగు చేస్తుంది. జంట లెక్క కూడా సరిగ్గా అదే చెబుతోంది."

"ముందే కనిపెట్టి పంపుతున్నారు సార్, పాడు చేసి కాదు."

"రెండో ప్రశ్న." అతను ఒక కాగితం ముందుకు జరిపాడు. సర్వీసు పుస్తకంలోంచి తీసిన కాపీ. "సలోమి గారు మీకేమవుతారు?"

కెజియా ఆ కాగితం వైపు చూసింది. దాచాలని అనుకోలేదు. చెప్పాలనీ అనుకోలేదు.

"వదిన."

"మూడేళ్లుగా ఈ యంత్రానికి తిరుగులేదని మీరే నాతో చెప్పారు. మీ వదిన పేరు వచ్చిన రోజు నుంచి దానికి కళ్లు కనపడటం లేదంటున్నారు. ఈ మాట కమిటీ ముందు అంటే ఏమనుకుంటారో మీరే ఆలోచించండి." కాగితం మళ్లీ ఫైల్లో పెట్టాడు. "నాకు మీ మీద గౌరవముంది. అందుకే ఈ కాగితం ఇక్కడే ఉంటుంది."

తన గదికి వచ్చి కెజియా తలుపు వేసుకుంది. ఆయన అన్నదాంట్లో ఒక్కటి మాత్రం నిజం. వదిన గురించి ఎంత వాదించినా వదిన కోసమే అనుకుంటారు. కాబట్టి వదిన వార్డు రోగి ఎవరూ లేకుండానే రుజువు చేయాలి.

రోగి ఎవరూ లేకుండా.

ఆ మాట దగ్గరే ఆమె ఆలోచన ఆగింది. కుర్చీ ముందుకు లాక్కుంది.

యంత్రం పనితీరు చూడటానికి మూడు నెలలకోసారి పరీక్ష రికార్డులు వేసే అధికారం ఆమెకుంది. ఇప్పటిదాకా అవి ప్రయోగశాల గోడలు దాటలేదు. ఈసారి దాటించింది. గోదావరి జిల్లా ఆసుపత్రిలో పదకొండు వార్డులు. పదకొండు పేర్లు పుట్టించింది. మామూలు జ్వరం, పరిశీలన మాత్రమే, మందులేమీ వద్దు. ఎవరి మందూ, ఎవరి మంచమూ వీటికి పోకూడదు. క్యాజువాల్టీ అలవాటుగా రాసే ఇరవైనే మొదటి లెక్కగా పెట్టింది. ఆ రికార్డుల్లో రాసినవారి పేరు పడే గడిని ముందే తీసేసింది. అప్పుడు పంపించే మీట నొక్కింది.

లేని మనుషులు పదకొండు మంది పదకొండు వార్డుల్లో చేరారు.

*

ఇరవై ఆరో తేదీ కమిటీ గదిలో పదిహేను మంది ఉన్నారు. అధ్యక్షురాలు మాధురీలత, ఆరోగ్య శాఖలో పెద్ద అధికారిణి, తక్కువ మాట్లాడే మనిషి. చక్రపాణి అరగంటలో అంతా చెప్పి కూచున్నాడు. ఏడో వార్డు గీతలు తెర మీద ఉండగానే కెజియా లేచింది.

"మేడం, ఒక్క పది నిమిషాలు. ఇదే ఆసుపత్రిలో గత వారం రాష్ట్రంలోకెల్లా గొప్ప వైద్యం పొందిన పదిమందిని చూపిస్తాను."

పది జతల గీతలు వచ్చాయి. నీలం, తెలుపు, వెంట్రుకవాసి తేడా లేదు. మూడు రోజుల పాటు ఇరవై, ఇరవై, ఇరవై. మూడో రోజు పూర్తిగా నయమై డిశ్చార్జి. ఎడం సున్నా.

"చాలా బాగుంది," అంది మాధురీలత. "వీళ్లలో ఒకరితో మాట్లాడొచ్చా?"

"కుదరదు మేడం. వీళ్లు లేరు."

"చనిపోయారా?"

"పుట్టలేదు. నేను పెట్టిన పేర్లు. పది ఖాళీ మంచాలు మూడు రోజులు ఊపిరి పీల్చాయి. మన యంత్రం చూసిన అత్యుత్తమ రోగి ఎవరూ లేని మంచం."

గదిలో ఎవరో దగ్గారు. చక్రపాణి కుర్చీలో ముందుకు వంగాడు.

"పదకొండో రోగిని ఏడో వార్డుకి పంపాను." కెజియా చివరి రికార్డు తెరిచింది. అందులో తొమ్మిది నిమిషాలే ఉన్నాయి. ఆ తర్వాత ఒక్క వాక్యం: 'మనిషి రాలేదు, కాగితమే వచ్చింది. పంపినవాళ్లు వచ్చి మనిషిని చూపించాలి.' దాని కింద యంత్రం ఎర్ర అక్షరాల్లో తన తీర్పు రాసింది: రోగి గల్లంతు. వార్డు నిర్లక్ష్యం. ఎడం నూరు.

"లేని మనిషికి ఊపిరి రాసిన వార్డులకి మార్కులేశాం. మనిషి లేడని చెప్పిన వార్డుని మూసేయమంటున్నాం. ఆ వార్డు ఇన్‌ఛార్జి మా వదిన. ఆ కాగితం డైరెక్టర్ గారి ఫైల్లో ఉంది, మీరూ చూడొచ్చు. కానీ ఈ పది ఖాళీ మంచాలూ నాకు చుట్టాలు కారు."

ముందుగా మాట్లాడింది చక్రపాణి.

"అంటే పది వార్డుల్లో దొంగ లెక్కలు రాశారు. యంత్రం తప్పు కాదిది, మనుషుల తప్పు. ఎవరు రాశారో పేర్లు ఇవ్వండి."

"లేవు సార్."

"ప్రతి అంకె పక్కన రాసినవారి పేరు ఉంటుంది."

"ఈ పదకొండింటిలో ఉండదు. ముందే తీసేశాను."

"ఎందుకు?"

"మీరు ఈ ప్రశ్న అడుగుతారని. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. మూడో వార్డులో ఒక్క నర్సు చేతి కింద ఎంతమంది రోగులున్నారు? జంటను అడగండి. చెప్పదు. ఊపిరికి గడి పెట్టాను, నాడికి పెట్టాను, నాలుగు వందల గడులు పెట్టాను. రోగికి ఎంతమంది మనుషులున్నారన్న గడి పెట్టలేదు. నలభై మందికి నిమిషం చొప్పున నలభై నిమిషాలు. గంటకోసారి ఊపిరి రాయాలని నియమం పెట్టింది నేను. చూడకుండా రాసే బటన్ పెట్టిందీ నేనే. మీకు పేరే కావాలంటే నాది రాసుకోండి."

తీర్పు అరగంటలో వచ్చింది. ఏడో వార్డు మూత, ఇన్‌ఛార్జి తొలగింపు నెల రోజులు వాయిదా. సర్కారు రికార్డుల్లో లేని మనుషుల్ని ఎక్కించినందుకు కెజియాకు సస్పెన్షన్. జంట మాత్రం ఆగదు. ఒకటో తేదీ నుంచి దాని తీర్పులు రాష్ట్రమంతా అమలు. 'మునుపటిదే' బటన్ తొలగింపు. ఇకపై లెక్కపెట్టకుండా అంకె వేసినవారిపై కఠిన చర్య.

"సగం గెలిచారు," అంది మాధురీలత, గుమ్మం దగ్గర.

"వార్డులో సగం గెలుపు ఉండదండి," అంది కెజియా. "మనిషి ఇంటికి వెళ్తాడు, లేకపోతే లేదు."

*

మూడో వార్డు ఇన్‌ఛార్జి విజయదుర్గ ఆదివారం చర్చి అయ్యాక సలోమి ఇంటికి వచ్చింది. హాల్లో కెజియాను చూసి చెప్పులు విప్పకుండానే నిలబడింది.

"ఈవిడేనా మా వార్డులో దెయ్యాన్ని పడుకోబెట్టింది?"

"ఆవిడే," అంది సలోమి. "నా తొమ్మిది నిమిషాలు తగలేసింది కూడా ఆవిడే. లోపలికి రా."

"పద్దెనిమిదేళ్లుగా చేస్తున్నాను సిస్టరమ్మా. నేనూ మొదట్లో లెక్కపెట్టినదాన్నే. పన్నెండు మందికి ఇద్దరం ఉండేవాళ్లం అప్పుడు." విజయదుర్గ కూచోలేదు. "ఇప్పుడు బటన్ తీసేశారు. ఇరవై కొడితే కేసు పెడతామంటున్నారు. లెక్కపెడితే సూదులెవరు వెయ్యాలి? సెలైన్ ఎవరు మార్చాలి? ఆ రైతు పోయినప్పుడు నేను రెండో గదిలో ఒక ముసలాయనకి గొట్టం వేస్తున్నాను. నేను చూడలేదు. ఒప్పుకుంటాను. రెండు చోట్ల ఎలా నిలబడతానో ఈ మేడంని చెప్పమనండి."

"నిలబడలేరు," అంది కెజియా.

విజయదుర్గ ఆ జవాబు ఊహించినట్టు లేదు. చెప్పులు విప్పి బల్ల మీద కూచుంది. సలోమి మంచినీళ్లు ఇచ్చింది.

"లెక్కపెట్టినప్పుడు లెక్క రాయి," అంది సలోమి. "లెక్కపెట్టనప్పుడు రాయకు. దానికి కేసేంటి?"

"ఖాళీగా వదిలేస్తే ముందుకు పోదు కదండీ అది. అంకె ఏదో ఒకటి పడాల్సిందే. ఊపిరి గడిలో మాటలు రాయనివ్వదు."

"సున్నా అంకే కదా," అంది కెజియా.

ఇద్దరు నర్సులూ ఆమె వైపు చూశారు.

"లెక్కపెట్టిన ఊపిరులు సున్నా. అబద్ధం కాదు. యంత్రం మాత్రం సున్నాని వేరేలా చదువుతుంది."

"ఎలా చదువుద్ది?"

"మనిషికి ఊపిరి ఆగిపోయిందని."

విజయదుర్గ గ్లాసులో నీళ్లన్నీ తాగేసింది. మూతి తుడుచుకుంది. "రోగులకేమైనా ఇబ్బందా?"

"వైద్యం చేసేది మీరూ డాక్టర్లూ. జంట మార్కులే వేస్తుంది. మందు చుక్క దాని చేతిలో లేదు. మీ కేస్ షీట్ కాగితం మీద ఎప్పటిలా రాసుకోండి, చూసింది చూసినట్టు. డాక్టరుకి అది చాలు."

"నన్ను తీసేస్తారు."

"ఒక్కదానివే అయితే తీసేస్తారు," అంది సలోమి. "మన సంఘం గ్రూపులో ఎంతమందున్నారు?"

విజయదుర్గ సంచిలోంచి ఫోన్ తీసింది. అద్దాలు సవరించుకుని చూసింది. "తొమ్మిది వేల పైచిలుకు. రోజూ గుడ్ మార్నింగు పువ్వులు పెడతా ఉంటారు."

"రేపు పువ్వుల బదులు ఇది పెట్టు."

*

ఒకటో తేదీ ఉదయం ఎనిమిదికి రాష్ట్రమంతటా డ్యూటీలు మారాయి. ఎనిమిదీ పదికి మూడో వార్డులో ఆరుగురికి నిజమైన అంకెలు పడ్డాయి. పద్నాలుగు, ఇరవై రెండు, పదహారు, పంతొమ్మిది, పద్దెనిమిది, ముప్పై నాలుగు. ఆ ముప్పై నాలుగు పడినవాణ్ణి వెంటనే ఐసీయూకి తీసుకెళ్లారు. మిగతా ముప్పై ఐదుగురికి సున్నా.

ఎనిమిదిన్నరకి ఆ జిల్లాలో పది వార్డులు. తొమ్మిదికి ఉత్తరాన ఒక జిల్లా, దక్షిణాన రెండు. పదికల్లా తెరలన్నీ ఎర్రబడ్డాయి. యంత్రం లోపల తెల్ల గీతలు ఒక్కొక్కటే నేల మీదికి వాలిపోయాయి. ముందు ఏ హెచ్చరికా లేని సున్నా కాబట్టి, లోటులేని వైద్యం అందుకుంటున్న ఆ మనుషులు గుంపులు గుంపులుగా ఊపిరాగి పోయారు. వాళ్లను బతికించే మందు జంట దగ్గర లేదు. వాళ్ల ఎదురుగా నిలబడి చూసేవాళ్లు లేకపోవడమే జబ్బు మరి.

ఏడో వార్డులో ఎప్పటిలాగే సలోమి నలభై ఒక్కమందినీ లెక్కపెట్టింది. ఇద్దరు విద్యార్థి నర్సులను వెంట తిప్పుకుంది. ఆమె వేసిన నిజమైన అంకెలు ఆ ఎర్రటి తెరలో తెల్లటి చుక్కలా మెరుస్తూనే ఉన్నాయి.

పదకొండుంబావుకి కెజియా ఫోన్ మోగింది. ఆమె ఆసుపత్రి వరండాలో బల్ల మీద ఉంది. నూకరత్నం డిశ్చార్జి అయి పక్కనే కూచుని, కొడుకు ఆటో తెచ్చేదాకా వంజరం చేపలో మంచిదీ చెడ్డదీ మొప్పలు చూసి ఎలా గుర్తుపట్టాలో చెబుతోంది.

"కెజియా గారూ." చక్రపాణి గొంతు వెనక ఏదో అలారం ఆగకుండా మోగుతోంది. "పదకొండు వేల మంది. పదకొండు వేల మందికి ఊపిరి లేదంటోంది. దీన్ని ఆపండి."

"నేను సస్పెన్షన్‌లో ఉన్నాను సార్. అందులోకి వెళ్లే అధికారం లేదు."

"ఇస్తాను. ఇప్పుడే ఇస్తాను. వీళ్లందరి మీదా కేసులు పెట్టిస్తాను. దొంగ లెక్కలు."

"దొంగ లెక్కలు కావు సార్. లెక్కపెట్టలేదని రాశారు. పద్నాలుగేళ్లుగా మీరు అడుగుతున్నది అదే కదా, ఎవరు చూశారు, ఎవరు చూడలేదు అని. ఇవాళే మొదటిసారి నిజం చెబుతున్నారు."

అవతల అలారం మోగుతూనే ఉంది. అతను మళ్లీ మాట్లాడినప్పుడు డైరెక్టర్ గొంతు పోయింది. ఆసుపత్రి వరండాలో కూచుని ఎవరైనా బయటికి వస్తారేమోనని చూసే మనిషి గొంతు మిగిలింది.

"ఇందులో నిజంగా ఊపిరి అందనివాళ్లు ఎంతమంది ఉండొచ్చు?"

"నాకు తెలీదు సార్. మీకూ తెలీదు. యంత్రానికీ తెలీదు. ఎవరైనా వెళ్లి ఒక్కొక్కరి పక్కన ఒక నిమిషం నిలబడాలి."

"పదకొండు వేల మంది పక్కనా?"

"మీ దగ్గర ఎంతమందున్నారు?"

అతను గది చుట్టూ చూస్తున్నట్టున్నాడు. కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"ఆరుగురం."

"అయితే బయల్దేరండి," అని కెజియా ఫోన్ పెట్టేసింది.